మన సండే ట్రెక్ గ్రూపులకి బహిరంగ లేఖ: పెయింటు డబ్బా పక్కన పెట్టి ముందు పార పట్టండి

కాకినాడ, అమలాపురం, రావులపాలెం, రాజమండ్రి నుంచి ఆదివారం తెల్లారకుండానే బళ్ళేసుకుని మారేడుమిల్లి కొండలెక్కే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, సెలవు దొరికితే కోరింగ మడ అడవికి పరిగెత్తేవాళ్ళకీ, ఆ గ్రూపులు నడిపే అడ్మిన్ బాబులకీ నమస్కారమండి.

వానలు తగ్గాక వాలంటీర్లని పోగేసి అడవి దారులకి గుర్తులు వేద్దామని అనుకుంటున్నారంట, పెయింటుకి చందాలు కూడా మొదలెట్టేశారంట, ఎరుపా ఆరెంజా అని రంగు మీద వాదన నడుస్తోందంట, టీషర్టులు ఎలాగూ ఉంటాయనుకోండి. వెటకారం కాదండి, నిజంగానే సంతోషం వేసింది, ఎందుకంటే కొండకెళ్ళి నాలుగు రీల్స్ తీసుకుని చెత్త అక్కడే పడేసి వచ్చేవాళ్ళు ఎక్కువైపోయిన రోజుల్లో పని చేద్దాం అనే మాట వినపడటమే గొప్ప. కాకపోతే మీరు చిట్టచివర చేయాల్సిన పనిని ముందు పెట్టుకున్నారు. అది చెప్దామనే ఈ ఉత్తరం.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది పి.గన్నవరం వైపు. కొన్నేళ్ళు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఇప్పుడు ఇంటికొచ్చేసి కొబ్బరితోటా, నాన్నగారి మందులూ చూసుకుంటున్నాను. అక్కడున్నప్పుడు మనవాళ్ళంతా శనివారం వస్తే షాపింగూ, గుడీ, పార్టీలూ అంటుంటే నేను మాత్రం పక్కింటి పెద్దాయన పుణ్యమా అని అపలాచియన్ ట్రెయిల్ మీద పనిచేసే వాలంటీర్లతో తిరిగేవాణ్ణి. మా ఆవిడ అయితే ఉద్యోగానికి అమెరికా వచ్చి ఉపాధి హామీ పని చేస్తున్నావా అనేది.

ఆ ట్రెయిల్ అంటే మామూలు దారి కాదు. అమెరికా తూర్పు వైపు జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ అనే రాష్ట్రం దాకా 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు పోయే కాలిబాట. బెంటన్ మకాయ్ అనే ఆయన 1921లో ఇలాంటిది ఒకటి ఉండాలని రాశాడు, 1923లో న్యూయార్క్ దగ్గర బేర్ మౌంటెన్ వైపు మొదటి ముక్క తెరిచారు, 1937కి మొత్తం కలిసింది. ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఏంటంటే భూమి చాలావరకు ప్రభుత్వానిదే, 1968లో ఇలాంటి దారుల కోసం చట్టం కూడా చేశారు, కానీ రోజువారీ దారిని చూసుకునేది మాత్రం 30 దాకా ఉన్న వాలంటీర్ క్లబ్బులు. క్లబ్బులో ఒక్కొక్కళ్ళకి ఒక్కో ముక్క అప్పజెప్తారు, మైలో రెండు మైళ్ళో. ఇక ఆ ముక్క మీద చెట్టు పడినా, వానకి కోసుకుపోయినా, గుర్తు చెరిగిపోయినా ముందు వెళ్ళి చూడాల్సింది ఆ మనిషే, చేయగలిగింది చేసి, చేయలేనిది క్లబ్బుకి రాయాలి. ఫొటోలు ఎవరూ తీయరు, చప్పట్లు ఎవరూ కొట్టరు, ఆ దారిన పోయేవాళ్ళకి ఆ మనిషి పేరు కూడా తెలీదు.

మొదటి రోజు నాకూ బ్రష్షు ఇస్తారనే అనుకున్నాను. పార ఇచ్చారు. దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా ఒక దుంగ పాతి ఉంది, దాని పైవైపు ఆకులూ మట్టీ నిండిపోయి దుంగ కనపడటమే లేదు. ఆ పూడిక మొత్తం తీసి, దుంగ వెంబడి నీళ్ళు దారి దాటి కిందకి పోయేలా చిన్న బోదె తవ్వి, తీసిన మట్టిని దారి మీద కాకుండా పల్లం వైపు దూరంగా పోయాలి. తవ్వాక ఆ పెద్దాయన వాటర్ బాటిల్ మూత తీసి దారి మీద నీళ్ళు ఒంపాడు. నీళ్ళు దుంగ దాకా వచ్చి పక్కకి తిరిగి వెళ్ళిపోవాలి, కొంచెం దుంగ మీంచి దాటాయి, మళ్ళీ తవ్వమన్నాడు. ఆ తర్వాత ఇంకో దుంగ, ఇంకోటి. రోజంతా అదే పని.

ఎందుకంటే అడవి దారిని పాడుచేసేది మనుషులకంటే ముందు నీళ్ళండి. కొండ మీద వాన పడితే నీళ్ళకి తేలికైన దారి ఏది దొరికితే దాంట్లో దిగుతాయి, మనం నడిచి నడిచి పల్లం చేసిన కాలిబాట కంటే తేలికైనది ఇంకేముంటుంది? మొదటి ఏడు మట్టి పోతుంది, తర్వాత రాళ్ళు తేలతాయి, వేళ్ళు బయటపడతాయి, అక్కడ కాలు జారుతుందని జనం పక్కనుంచి నడుస్తారు, అది కూడా గుంటపడుతుంది, చివరికి అడుగున్నర బాట కాస్తా పన్నెండడుగుల ఎర్రమట్టి వాగు అయిపోతుంది. అందుకే దారి ఎప్పుడూ కొండ మీంచి తిన్నగా కిందకి దిగకూడదు, అడ్డంగా వెళ్తూ నెమ్మదిగా ఎక్కాలి. దారి వాలు ఆ కొండ వాలులో సగం దాటకూడదని లెక్క చెప్తారు వాళ్ళు, దాటిందంటే నీళ్ళు దారి దాటి పోకుండా దారినే కాలువ చేసుకుంటాయి. దారి కూడా బల్లపరుపుగా ఉండకూడదు, పల్లం వైపుకి ఒకింత ఒరిగి ఉండాలి. కంటికి కనపడనంత ఒరుగు చాలు.

ఇదంతా వింటుంటే నాకు మా కాలువ గట్లే గుర్తొచ్చాయి. మన డెల్టావాళ్ళకి నీళ్ళ గురించి ఒకళ్ళు చెప్పాలా? ధవళేశ్వరం నుంచి దిగే కాలువల మీద లస్కర్లు, అంటే కాలువ కాపలా చూసే పనివాళ్ళు, గట్టు వెంబడే తిరుగుతూ ఎక్కడ చెమ్మ కనపడుతోందో, ఎక్కడ ఎండ్రకాయ బొక్క పడిందో చూసి తట్టెడు మట్టి వేసేవాళ్ళు, ఆ తట్టెడు మట్టి ఆ రోజు వేయకపోతే వారానికి గండి. 1986 గోదావరి వరదల్లో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఏటిగట్లు ఎలా తెగాయో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని ఎవరినడిగినా కళ్ళకి కట్టినట్టు చెప్తారు. చేలో గట్టు వేసినవాడికి, బోదె పూడిక తీసినవాడికి కొండ దారిలో నీళ్ళు మళ్ళించడం ఒక్క పూటలో వచ్చేస్తుంది. అమెరికాలో దీనికి ట్రైనింగ్ క్లాసులు పెడతారు, మన ఊళ్ళల్లో ఆ పని తెలిసినవాళ్ళు అరుగు మీద పేకాడుకుంటున్నారు. అలాంటివాళ్ళని ఇద్దర్ని బండెక్కించుకెళ్ళండి అంటున్నాను నేను, డ్రోన్ ఉన్న కుర్రాడి కంటే ముందు.

నీళ్ళ తర్వాత పొదలు. అక్కడి లెక్క నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఖాళీ ఉంచాలని, బ్యాగు వేసుకున్న మనిషికి కొమ్మ తగలకూడదని. మన దగ్గర అంత వెడల్పు అక్కర్లేదని నా అభిప్రాయం, వానాకాలం పోయాక మన కొండల్లో గడ్డీ తీగలూ దారిని ఎలా మింగేస్తాయో చూసినవాళ్ళే మీరు, ఒక మనిషి పట్టేంత చాలు. కానీ కోసే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. కొమ్మని సగంలో నరికి మొన తేలిన మోడు వదిలేయకూడదు, అది రేపు ఇంకొకళ్ళ కంట్లో పొడుస్తుంది, మొదట్లో నీటుగా రంపంతో కోయాలి. కోసిన కొమ్మని దారి పక్కనే పడేయకూడదు, దూరంగా ఈడ్చేసి నరికిన మొదలు దారికి కనపడకుండా అటువైపు తిప్పి పెట్టాలి, అలా చేస్తే అక్కడ ఎవరో పని చేశారని కూడా తెలీదు. ఇంకో పనుంది, అడ్డదారులు మూయడం. మలుపు తిరగడానికి బద్ధకమేసి జనం నిట్టనిలువుగా దిగిపోయే చోట ఎండు కొమ్మలూ రాళ్ళూ అడ్డం వేయాలి. బోర్డు పెడితే ఎవరూ వినరు గానీ ముళ్ళకంప వేస్తే అందరూ వింటారు, ఆయ్.

పడిన చెట్టు జోలికి మాత్రం వెళ్ళకండి. బిగుసుకుని పడున్న కొమ్మని కోస్తే అది ఎగిరి కొడుతుంది, అక్కడ కూడా పరీక్ష పాసైనవాళ్ళకే చైన్ రంపం ఇస్తారు. పైగా మన దగ్గర అభయారణ్యంలో పడిన చెట్టయినా మన సొత్తు కాదు. ఫొటో తీసి, లొకేషన్ పెట్టి, ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కి పంపండి.

ఇప్పుడు మీకిష్టమైన గుర్తుల సంగతి. అపలాచియన్ గుర్తు చాలా చిన్నది, అడ్డం రెండు అంగుళాలు నిలువు ఆరు అంగుళాలు, తెల్ల పట్టీ అంతే. పక్కదారులకి నీలం. ఒకదాని మీద ఒకటి రెండు పట్టీలు కనపడితే ముందు మలుపు ఉంది, జాగ్రత్తగా చూడు అని. దాని మీద బాణం ఉండదు, క్లబ్బు పేరు ఉండదు, వేసినవాడి పేరు అసలే ఉండదు. వేసే ముందు చెట్టు పైబెరడు మాత్రం మెల్లగా గోకి నున్నగా చేస్తారు, లోపలి పచ్చి బెరడు తగిలితే చెట్టుకి దెబ్బ. తడి లేని రోజు చూసుకుని, కంటి ఎత్తులో, అంచులు తిన్నగా వచ్చేలా వేస్తారు. వేశాక అటు వెళ్ళి ఇటు తిరిగి వస్తారు, ఎందుకంటే వెళ్ళేవాడికి కనపడింది వచ్చేవాడికి కనపడకపోవచ్చు. అడుగడుక్కీ వేయరు. దారి స్పష్టంగా ఉన్నచోట తక్కువ, రెండు దారులు చీలినచోట చీలిక దాటాక ఒకటి తప్పకుండా, నువ్వు సరైన దారిలోనే ఉన్నావని చెప్పడానికి.

చెక్ దేశంలో అయితే ఇది ఇంకా పాతది, అక్కడి టూరిస్టుల క్లబ్బు 1888లో పెట్టారు, మరుసటి ఏడే మొదటి దారికి గుర్తులు వేశారు. తెలుపు, మధ్యలో రంగు, మళ్ళీ తెలుపు, మూడు అడ్డ పట్టీలు. రంగులు నాలుగే, ఎరుపు నీలం ఆకుపచ్చ పసుపు. దేశమంతా ఒకటే పద్ధతి, వాలంటీర్లు మూడేళ్ళకోసారి వెళ్ళి మళ్ళీ దిద్దుతారు. ఆ మూడేళ్ళకోసారి అన్న మాట దగ్గర మనవాళ్ళు ఆగాలి. మనం వేసింది ఎవరు దిద్దుతారు? వేసిన గ్రూపు వచ్చే ఏడు ఉంటుందా?

ఎందుకడుగుతున్నానంటే మారేడుమిల్లి వైపు ఒక వాగు పక్క దారిలో నేను చూసిందే చెప్తాను. ఒక బండ మీద ఎర్ర బాణం కుడికి, దాని పక్కనే పసుపు బాణం ఎడమకి, వాటి కింద ఎవరో కుర్రాడి పేరు, లవ్ సింబల్, ఇంకో అమ్మాయి పేరు. ఎర్ర బాణం పట్టుకుని వెళ్తే ఎవరో ఎప్పుడో క్యాంపు ఫైర్ వేసుకున్న చోటుకి వెళ్ళి దారి ఆగిపోయింది, బూడిద, సీసాలు, కాలిన టైరు ముక్క. ఆ బాణం ఒక్క ఆదివారం కోసం, ఒక్క బ్యాచ్ కోసం వేసుకున్నది. వాళ్ళు వెళ్ళిపోయారు, బాణం ఉండిపోయింది, సాయంత్రం నాలుగింటికి ఫోన్ సిగ్నల్ లేని చోట ఇంకో ఊరి పిల్లలు దాన్ని నమ్ముకుని నడుస్తారు. గుర్తు లేని దారిలో మనిషి కనీసం భయపడి ఆగుతాడు కదండి. రిబ్బన్లు కట్టేవాళ్ళకీ ఇదే చెప్తున్నాను, కట్టిన రిబ్బను తిరుగు ప్రయాణంలో విప్పుకుని జేబులో వేసుకు రండి, ప్లాస్టిక్‌ది అయితే పశువులు తింటాయి కూడాను.

పైగా మన చెట్లన్నీ పెయింటుకి పనికిరావు. వాగుల పక్కనుండే తెల్లమద్దికి బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది, మీ గుర్తు కూడా దాంతోపాటే కింద పడుతుంది, దాని ఒళ్ళే తెలుపు కాబట్టి తెల్ల పట్టీ వేసినా ఒకటే వేయకపోయినా ఒకటే. నల్లమద్ది బెరడు గతుకులు గతుకులుగా పగిలి ఉంటుంది, దాని మీద రెండంగుళాల పట్టీ తిన్నగా గీయాలంటే ఎంత గోకాలో. ఏ చెట్టు మీద నిలుస్తుందో అక్కడి గార్డుకో ఊరివాళ్ళకో తెలుస్తుంది, మనకి తెలీదు.

ఊరివాళ్ళు అన్నాను కదా, అసలు సంగతి అదే. మీరు కొత్తగా కనిపెట్టామనుకునే దారులు చాలావరకు అక్కడి గిరిజనులు కొండరెడ్ల దారులు. సంతకి, పొలానికి, చుట్టాల ఊరికి, వాగు నీళ్ళకి వాళ్ళు ఎన్ని తరాల నుంచో నడుస్తున్న బాటలు. వాళ్ళకి గుర్తులు అక్కర్లేదు. మనం గుర్తు వేశామంటే ఆ బాట మీదకి జనాన్ని పిలిచినట్టే, రేపు వాళ్ళ పెరటి పక్కనుంచి స్పీకర్లు పెట్టుకుని యాభైమంది వెళ్తారు. తెల్లారేసరికి సూర్యోదయం చూడాలని మారేడుమిల్లి వైపు గుడిస అనే కొండకి జీపులు కట్టుకుని ఎగబడుతున్న తీరు చూస్తూనే ఉన్నాం, ఒక చోటు పేరు బయటికి వచ్చాక మళ్ళీ దాన్ని దాచలేం. కాబట్టి ముందు ఆ ఊళ్ళో కూర్చుని అడగండి, ఏ దారి చెప్పొచ్చు, ఏది వద్దు అని. వద్దన్నది వదిలేయండి, మ్యాపుల్లో కూడా పెట్టకండి.

పర్మిషన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే టికెట్ కొన్నాం కదా అనేవాళ్ళు ఎక్కువ. పాపికొండల అడవి 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్క్ అయింది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే. కోరింగ కూడా 1978 నుంచి అభయారణ్యమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి చోట అడుగు పెట్టడానికే పర్మిషన్ కావాలి, టికెట్ అంటే చూసి రావడానికి ఇచ్చిన పర్మిషన్, చెట్టు గోకడానికో పొద కోయడానికో కాదు. నన్నడిగితే ఇది అడ్డంకి కాదు, మనకి రక్షణ. ఫారెస్టు రేంజ్ ఆఫీసర్ గారి సంతకం ఉన్న కాగితం జేబులో ఉంటే ఎవరూ మనల్ని కట్టెల దొంగలు అనరు. ఫారెస్టోళ్ళు ఊళ్ళతో కలిసి పని చేయడం కొత్తేం కాదు, మారేడుమిల్లి దగ్గర వలమూరు వన సంరక్షణ సమితి వాళ్ళు జంగిల్ స్టార్ క్యాంపు నడుపుతున్నది మీలో చాలామంది రాత్రి ఉండి బొంగు చికెన్ తిని వచ్చిన చోటే కదా.

కోరింగ మాటకొస్తే నా అభిప్రాయం ఒకటే, అక్కడ గుర్తులూ వద్దు, కొత్త దారీ వద్దు. బురదలో మడ్ ట్రెక్ పెడదామని కొందరికి ఆలోచన వచ్చిందని విన్నాను. దయచేసి ఆపేయండి. మడచెట్టు కింద బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉంటాయే, అవి ఆ చెట్టు ఊపిరి పీల్చుకునే వేళ్ళు. ముప్పైమంది ఒక్కసారి తొక్కితే అక్కడికి సరి. రోజుకి రెండుసార్లు సముద్రం పోటు వస్తుంది, వచ్చేటప్పుడు పాయల్లో నీళ్ళు వెనకనుంచి కూడా చుట్టేస్తాయి, ఆ లెక్క వేటకెళ్ళేవాళ్ళకి వచ్చు, మనకి రాదు. పైగా తిల్ల చెట్లుంటాయి, కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే ఆసుపత్రే. తుఫాను వచ్చినప్పుడు ఆ అడవే ముందు నిలబడి కాస్తుందని తాళ్ళరేవు వైపు ఏ మత్స్యకారుల ఊళ్ళో అడిగినా చెప్తారు. చెక్కల వంతెన వేసిందే మనం బురదలో దిగకుండా. అక్కడ వాలంటీరుగా చేయాలనుంటే పని బోలెడు. వంతెన మీద ఊగుతున్న పలక ఏది, పైకి లేచిన మేకు ఏది చూసి చెప్పండి. పాటు సమయంలో, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, పడవ మీద వెళ్ళి వేళ్ళకి చుట్టుకున్న కవర్లూ సీసాలూ తీయండి, ఫారెస్టు వాళ్ళనీ పడవ వాళ్ళనీ అడిగి. అందులో చాలా చెత్త మన ఊళ్ళ కాలువల్లోంచి వెళ్ళిందే కాబట్టి ఎవరిదో తీస్తున్నామని ఫీలవ్వక్కర్లేదు.

ఇక నేను అడిగేది. కొండ వైపు ఒకే ఒక్క దారి తీసుకుందాం, ఇప్పటికే జనం నడుస్తున్నది, ఊరివాళ్ళు సరేనన్నది, రెండు కిలోమీటర్లకి మించకుండా. గ్రూపులన్నీ కలిపి ఒకటే దారి. మే నెలలో వానలకి ముందు ఒకసారి నీళ్ళ మళ్ళింపులు, ఆగస్టులో మంచి వాన పడుతుండగా ఒకసారి ఊరికే చూడటానికి, అప్పుడే నీళ్ళు ఎటు పోతున్నాయో తెలుస్తుంది, మళ్ళీ డిసెంబరులో పొదలు. మొదటి ఏడు పెయింటు డబ్బా తెరవం. ఏడాది తిరిగాక ఇంకా వచ్చేవాళ్ళు ఎంతమంది మిగిలారో చూసుకుని అప్పుడు ఫారెస్టు వాళ్ళు ఒప్పుకుంటే ఒకటే రంగు, ఒకటే సైజు, అన్ని గ్రూపులకీ కలిపి. చందా డబ్బులు పారలకీ, చేతి రంపాలకీ, గ్లౌజులకీ, మనతో వచ్చే ఊరివాళ్ళ కూలికీ వాడదాం. కూలి మాట గట్టిగా చెప్తున్నాను, మనం సరదా కొద్దీ వెళ్తాం, వాళ్ళు ఆ రోజు పని మానుకుని వస్తారు.

రేంజ్ ఆఫీసుకి ఇవ్వాల్సిన దరఖాస్తు తెలుగులో రాసి పెట్టాను, ఒక్కో గ్రూపు నుంచి ఒకళ్ళు సంతకం పెడితే చాలు. ఇవ్వడానికి నాతోపాటు ఇద్దరు ముగ్గురు రండి. ఆదివారం ఆఫీసు ఉండదు కాబట్టి ఒక రోజు లీవు పెట్టుకోవాలి మరి.

ఇట్లు,
పి.గన్నవరం వైపు నుంచి మీలో ఒకడు